అరుగున్న ఆఫీసు: రెసిడెన్షియల్ కాలేజీలో కార్యాలయాన్ని మనుషులకు తగ్గట్టు అమర్చుకోవడం ఎలా?

మన కాలేజీ ఆఫీసుల్లో చాలాచోట్ల జనంతో మాట్లాడేది ఒక చిన్న కిటికీ. నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. దానికి ఇనుప గ్రిల్, గ్రిల్ కింద చెయ్యి పట్టేంత సందు. అవతల నిలబడ్డవాళ్లు నడుం వంచితే తప్ప మాట లోపలికి రాదు. జూనియర్ అసిస్టెంట్‌గా చేరింది మొదలు చాలా ఏళ్లు నేను ఆ కిటికీకి ఇవతల కూర్చున్నాను. నాకు కనిపించినవల్లా నుదుళ్లు, పాపిళ్లు, అర్జీ పట్టుకున్న వేళ్లు. మా అబ్బాయి వేరే ఊళ్లో కాలేజీలో చేరినప్పుడు మొదటిసారి కిటికీకి అవతలి వైపు నిలబడ్డాను. వంగి "సార్" అన్నాను. లోపలాయన మర్యాదగానే జవాబిచ్చాడు. అయినా బయటికొచ్చాక నాకు చిన్నతనంగానే అనిపించింది. ఆ మనిషి తప్పేమీ చేయలేదు. చేసిందంతా ఆ కిటికీ.

సూపరింటెండెంట్ అయ్యాక మా కాలేజీ ఆఫీసును తిరగ్గట్టే పని నా మీద పడింది. అప్పుడు చేసినవి, చేసి చెడగొట్టుకున్నవి, ఇప్పుడైతే ఎలా చేస్తానో, అన్నీ కలిపి ఇది రాస్తున్నాను. ప్రిన్సిపాళ్లకు, ఆఫీసు బాధ్యులకు, ప్లాన్ గీసే ఇంజినీర్లకు పనికొస్తుంది.

రోజూ ఇంటికి వెళ్లివచ్చే పిల్లలున్న కాలేజీకి, పిల్లలు అక్కడే ఉండే కాలేజీకి ఆఫీసు ఒక్కటి కాదు. మొదటి రకంలో పిల్లవాడు ఏడాదికి నాలుగైదుసార్లు ఆఫీసు గడప తొక్కుతాడు. రెండో రకంలో గది తాళం పోయినా, జ్వరమొచ్చినా, ఇంటికెళ్లాలన్నా, మెస్ బిల్లులో లెక్క తేడా వచ్చినా అక్కడికే రావాలి. పైగా వాళ్ల వయసు చూడండి. 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీలో, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో, పదో తరగతి కాగానే ఆరేళ్ల చదువుకు చేరతారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు. సంక్షేమ గురుకులాల మహిళా డిగ్రీ కాలేజీల్లో ఇంట్లో మొదటిసారి కాలేజీ ముఖం చూస్తున్న అమ్మాయిలు ఎందరో. వాళ్ల అమ్మానాన్నలకు కూడా ఇలాంటి ఆఫీసులోకి రావడం అదే మొదటిసారి.

1. గీత గీసే ముందు వారం రోజులు కూర్చోండి

ఇంజినీరును పిలవకముందే ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొనండి. ఆఫీసు బయట, లోపల కాదు, ఒక మూల కుర్చీ వేసుకుని వారం పాటు వచ్చినవాళ్లనల్లా రాయండి. పేర్లు అక్కర్లేదు. ఏ పని మీద వచ్చారు, ఎక్కడ నిలబడ్డారు, ఎంతసేపు, పని అయిందా, ఇదే పనికి ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చారు. ఈ ఆఖరి గడి ముఖ్యం.

బోనఫైడ్, స్టడీ కండక్ట్, టీసీ, బస్‌పాస్ ఫారం మీద సంతకం, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్, పరీక్ష ఫీజు, హాస్టల్ నుంచి బయటికి వెళ్లడానికిచ్చే అవుట్‌పాస్, మెస్ డ్యూస్, గది మార్పు. పనుల జాబితా ఎక్కడైనా ఇంచుమించు ఇదే. మా నోట్‌బుక్‌లో నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం వేరే. వరండాలో గుంపుగా కనిపించిన పిల్లల్లో ఎక్కువమంది కొత్త పని మీద వచ్చినవాళ్లు కాదు. "సార్, నాది రెడీ అయిందా?" అని అడగడానికి వచ్చినవాళ్లు. వాళ్ల కోసం హాలు పెద్దది చేయాలని అప్పటికే ఎస్టిమేట్ వేయించేశాం. తీరా చూస్తే వాళ్లకు కావలసింది హాలు కాదు, తయారైన సర్టిఫికెట్ల నంబర్లు రాసే ఒక బోర్డు. ఇప్పుడైతే ఫోన్‌కు ఒక మెసేజ్ చాలు.

మామూలు వారం ఒకటి, రద్దీ వారం ఒకటి చూడగలిగితే మంచిది. అడ్మిషన్ల రోజులు, పరీక్ష ఫీజు ఆఖరి తేదీ, దసరా, సంక్రాంతి సెలవులకు ముందు సాయంత్రం. ఈ మూడింటికీ ఆఫీసు మూడు రకాలుగా నిండుతుంది.

2. గేటు నుంచి గడప దాకా

తల్లిదండ్రులు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని, రెండు బస్సులు మారి, పదింటికల్లా గేటు దగ్గరికి చేరతారు. అక్కడి నుంచి ఆఫీసుకు దారి చెప్పేది వాచ్‌మన్ ఒక్కడే. ఆయన టీకి వెళితే ఇక ఎవరూ లేరు.

గేటు దగ్గర ఒక బోర్డు, దారి చీలే ప్రతిచోటా ఒక బాణం పెట్టండి. ముందు తెలుగులో, అదీ పెద్ద అక్షరాల్లో, ఆ తర్వాతే ఇంగ్లిషు. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష, దాన్నీ మరవద్దు. బోర్డు మీద సెక్షన్ పేర్లు రాయకండి. 'ఏ3 సెక్షన్' అంటే ఏమిటో ఆ సెక్షన్‌లో పనిచేసేవాళ్లకు తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 'ఫీజు', 'సర్టిఫికెట్లు', 'స్కాలర్‌షిప్', 'హాస్టల్ పనులు' అని పనిపేరే రాయండి.

మెట్లున్న చోట ర్యాంప్ ఉండాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అన్న లెక్కకు తగ్గకూడదు. జాగా లేదని చాలామంది దాన్ని సగానికి కుదించేస్తారు. అప్పుడు అది సైకిళ్లు ఎక్కించుకోవడానికి తప్ప చక్రాల కుర్చీకి పనికిరాదు. రెండు వైపులా పట్టుకునే కమ్మీ, గరుకు రాయి, కనీసం మూడడుగుల వెడల్పు తెరుచుకునే తలుపు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇది దయతో చేసే పని కాదు, చేసి తీరాల్సిన పని.

అన్నిటికన్నా ముందు మరుగుదొడ్డి. ఐదు గంటలు బస్సులో కూర్చుని వచ్చిన తల్లి మొట్టమొదట వెతికేది అదే, కానీ ఎవరినీ అడగలేదు. మన ఆఫీసుల్లో దానికి తాళం ఉంటుంది, తాళంచెవి మేడమ్ టేబుల్ సొరుగులో ఉంటుంది. వచ్చేవాళ్ల కోసం తాళం లేని మరుగుదొడ్డి ఒకటి, బయటి నుంచే కనిపించే బోర్డుతో, లోపల గడియ, కొక్కెం, నీళ్లు, చెత్తబుట్ట సహా ఉండాలి. మీ దగ్గర ఒక్క పనికే డబ్బుంటే ఈ పనికి పెట్టండి. మిగతా వ్యాసం చదవకపోయినా ఫర్వాలేదు.

3. అరుగు

పాత ఇళ్లకు వీధివైపు అరుగుండేది. దారినపోయేవాడు దాని మీద కూర్చోవడానికి ఎవరి అనుమతీ అడిగేవాడు కాదు. ఇంట్లోవాళ్లు చూసి మంచినీళ్లు ఇస్తే ఇచ్చేవారు, లేదంటే లేదు. కూర్చునే హక్కు మాత్రం అరుగే ఇచ్చేసేది. కాలేజీ ఆఫీసుకు రిసెప్షన్ హాలు కన్నా ఇదే అవసరమని నా గట్టి నమ్మకం. సోఫాలు, గాజు టీపాయి, ప్లాస్టిక్ పూలు ఉన్న రిసెప్షన్‌లో మన ఊరి పెద్దమనిషి కూర్చోడు. గోడకు ఆనుకుని నిలబడతాడు, మనం రెండుసార్లు చెప్పినా "పర్లేదు సార్" అంటాడు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక వాకిట్లోనే వదిలేస్తాడు. అదే వరండాలో రాతి అరుగు ఉంటే ఎవరూ చెప్పకుండానే వెళ్లి కూర్చుంటాడు.

కొలతలు మేస్త్రి భాషలో చెబుతాను. ఎత్తు 18 అంగుళాలు. వెడల్పు కూడా అంతే, కాస్త ఎక్కువైనా మంచిదే. ఒక్కో మనిషికి రెండడుగుల లెక్కన పొడవు. మొత్తం అరుగులో మూడోవంతుకైనా వీపు ఆనేలా ఏటవాలు పలక ఉండాలి, ముసలివాళ్లు లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతికి ఆసరా ఉండాలి. మధ్యలో ఒకచోట మూడడుగులు ఖాళీ వదలండి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు తమవాళ్ల పక్కనే ఉంటారు, విడిగా ఒక మూలన కాదు.

దిక్కు చూసుకోవడం తప్పనిసరి. వాస్తు సంగతి కాదు, ఎండ సంగతి. మన ప్రాంతంలో సాయంత్రపు పడమటెండ గోడను కాల్చేస్తుంది. అరుగు ఉత్తరానికో తూర్పుకో ఉండాలి. పడమరే గతి అయితే వరండా ఎనిమిది అడుగుల లోతు ఉంచి, చూరు కిందికి దించి, ముందు చెట్లు వేయండి. రాయి విషయంలో నేనొక పొరపాటు చేశాను. చూడ్డానికి నిగనిగలాడుతుందని కడప నల్లరాయి వేయించాను. ఎండపడే చివర నాలుగడుగుల్లో ఏప్రిల్‌లో ఎవరూ కూర్చోలేకపోయారు. తాండూరు లేత రంగు రాయి అంత వేడెక్కదు, మన రెండు రాష్ట్రాల్లోనూ దొరుకుతుంది. కూర్చునే అంచును గుండ్రంగా కొట్టించండి, లేకపోతే మోకాలి వెనక కోసుకుంటుంది.

ముందు వేపచెట్టు ఉంటే మీ అదృష్టం. దాని చుట్టూ రచ్చబండలా గట్టు కట్టొచ్చు గానీ కాండానికి సిమెంటు తగలనివ్వకండి. చెట్టు లావెక్కడానికి, నీరు ఇంకడానికి చుట్టూ మూడడుగుల మట్టి వదలాలి.

అరుగుకు చేతికందే దూరంలో నాలుగు వస్తువులు కావాలి. మంచినీళ్లు, ఫ్యాను, ఫోన్ చార్జింగ్ ప్లగ్గులు, సామాను పెట్టుకునే పలక. ప్లగ్గులు ఎందుకంటారేమో. ఇప్పుడు ఆఫీసులో ఏ పని కావాలన్నా ఓటీపీ కావాలి. స్కాలర్‌షిప్ అప్లికేషన్ సగంలో ఉండగా తండ్రి ఫోన్ చచ్చిపోతే ఆ కుటుంబం మళ్లీ ఇంకో రోజు కూలి పోగొట్టుకుని రావాలి. సామాను పలక అడ్మిషన్ రోజుల కోసం. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, బకెట్, పచ్చడి జాడీ. వీటిని కాపలా కాయడానికే ఇంటికొక మనిషి బయట ఎండలో నిలబడిపోయేవాడు.

ఒక్కమాట. ఉస్మానియాలో 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కుతుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. ఆ గులాబీ గ్రానైటు కమాను కింద మనిషి చిన్నవాడైపోతాడు, అందులో ఒక ఆనందం కూడా ఉంది. విద్య ముందు తల వంచడం బాగానే ఉంటుంది. ఫీజు రసీదు ముందు తల వంచనవసరం లేదు. ఆఫీసు ముఖద్వారానికి స్తంభాలు, పెద్ద మెట్లు పెడదామని ఎవరైనా అంటే ఆ డబ్బు అరుగుకు మళ్లించండి.

4. గ్రిల్ తీసేయడం

అసలు గ్రిల్ ఎందుకొచ్చింది? డబ్బు వల్ల. ఫీజులన్నీ నోట్ల కట్టలుగా కిటికీలోంచే తీసుకునే రోజుల్లో క్యాషియర్‌కు ఆ ఇనుప తెర కావలసి వచ్చింది. ఆ తర్వాత చలాన్లు వచ్చాయి, ఆన్‌లైన్ వచ్చింది, ఇప్పుడు ఫోన్‌లోనే కట్టేస్తున్నారు. డబ్బు వెళ్లిపోయింది, గ్రిల్ మిగిలింది. ఎక్కడైనా నగదు తీసుకునే కౌంటర్ ఇంకా ఉంటే అది ఒక్కటీ ఉంచి తక్కినవన్నీ తీసేయొచ్చు.

తీసేస్తామనగానే సిబ్బంది భయపడతారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. గలాటా జరిగిన రోజు లోపలున్నవాళ్లకే తెలుసు ఎలా ఉంటుందో. కాబట్టి కౌంటర్ వెనక నుంచి బయటపడే రెండో తలుపు తప్పకుండా పెట్టండి. కౌంటర్ బల్ల రెండున్నర అడుగుల వెడల్పు ఉంటే ఇటు చెయ్యి అటు అందదు. ఈ రెండూ ఉన్నాక మా ఆఫీసులో గ్రిల్ కావాలని అడిగినవాళ్లు లేరు.

అన్ని పనులకూ ఒకే కౌంటర్ పెట్టడం రెండో తప్పు. పనులను నిమిషాల లెక్కన విడదీయండి. మీ నోట్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది.

నిమిషంలో తేలేవి: అవుట్‌పాస్ ముద్ర, సంతకం, తయారైన సర్టిఫికెట్ ఇవ్వడం. వీటికి నిలబడే బల్ల, 42 అంగుళాల ఎత్తు. ఇక్కడ కుర్చీ వేస్తే వరస నడవదు.

పది నిమిషాలు పట్టేవి: స్కాలర్‌షిప్, ఫీజు బకాయి, పేరు సవరణ. వీటికి మామూలు టేబుల్ ఎత్తు, అంటే 30 అంగుళాలు, ఇద్దరికీ కుర్చీలు. టేబుల్ కింద మోకాళ్లు పట్టేలా ఖాళీ ఉంచండి. అప్పుడు చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వస్తుంది, దివ్యాంగుల కౌంటర్ అని వేరే పెట్టాల్సిన పనిలేదు. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా టేబుల్ మూలకు అటూ ఇటూ వేయండి. ఎదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. మూలకు కూర్చుంటే ఇద్దరూ ఒకే కాగితం చూస్తారు.

కంప్యూటర్ తెర ఇటు తిప్పగలిగే స్టాండు మీద పెట్టండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మనవాళ్ల పేర్ల సంగతి తెలుసు కదా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివర. 'లక్ష్మి'కి ఇంగ్లిషులో ఎన్ని స్పెల్లింగులో లెక్కలేదు. గుమస్తా టైపు చేస్తుండగా పిల్ల తన పేరు తనే చూసుకుంటే తప్పు అక్కడే దొరుకుతుంది. ముద్ర పడ్డాక దొరికితే నెల రోజుల తిరుగుడు. స్కాలర్‌షిప్ ఆగిపోయిన కేసుల్లో నేను చూసినవి చాలావరకు ఇలాంటి అక్షరాల తగాదాలే.

మూడో రకం పనులకు తలుపు కావాలి.

5. తలుపు మూసుకునే గది

ఫీజు కట్టలేకపోతున్నామని చెప్పుకోవడానికి వచ్చిన తండ్రి, వరసలో ఇరవైమంది వింటుండగా చెప్పాలా? ర్యాగింగ్ గురించి చెప్పడానికి వచ్చిన పిల్లవాడి వెనకాల ఆ సీనియరే నిలబడి ఉంటే? చదువు మానేస్తానని, పెళ్లి కుదిర్చారని, ఇంట్లో చావు జరిగిందని, ఇవన్నీ ఆఫీసుకు వచ్చే మాటలే. వీటికి ఒక చిన్న గది కావాలి. పదడుగులకు పది చాలు.

గది గోడను పైకప్పు స్లాబు దాకా కట్టించండి. ప్లైవుడ్ పార్టిషన్‌ను ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆపేస్తే మాట పైనుంచి పక్క గదిలోకి పోతుంది. మాది అలాగే కట్టారు. పక్క సెక్షన్‌లో అందరికీ అన్నీ తెలిసిపోయేవని పిల్లలే చెప్పారు, ఆ తర్వాత ఆ గదికి ఎవరూ రావడం మానేశారు. మళ్లీ పగలగొట్టి కట్టించాక కూడా నమ్మకం రావడానికి ఏడాది పట్టింది.

తలుపుకు నిలువుగా సన్నటి గాజు ముక్క ఉండాలి. లోపల ఎవరో ఉన్నారని తెలియాలి, ఎవరన్నది తెలియకూడదు. తలుపుకు దగ్గరున్న కుర్చీ వచ్చినవాళ్లకు ఇవ్వండి. కావాలనుకుంటే లేచి వెళ్లిపోగలగాలి. గుండ్రటి చిన్న టేబుల్, నీళ్ల సీసా. టేబుల్ మీద ఫైళ్లు, గోడ మీద ర్యాంకర్ల ఫోటోలు వద్దు.

అవుట్‌పాస్ కోసం అమ్మాయిల చేత ఇంటికి ఫోన్ చేయించే అలవాటు చాలా హాస్టళ్లలో ఉంది. ఆ ఫోన్ కూడా ఈ గదిలోంచే చేయనివ్వండి. అందరి ముందూ నాన్నను బతిమాలుకోవడం ఏ పిల్లకూ ఇష్టముండదు.

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనల ప్రకారం నడిచే హెల్ప్‌లైన్ 1800-180-5522. ఈ నంబరు, లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ సభ్యుల వివరాలు ప్రిన్సిపాల్ గది బయట అద్దాల బోర్డులో ఉంటాయి. అక్కడ నిలబడి ఆ కాగితం చదివే ధైర్యం ఎవరికుంటుంది? ఒక కాపీని మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు అంటించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా నంబరు రాసుకోవచ్చు.

6. బీరువాలను వెనక్కి పంపడం

ఆఫీసులో జాగా లేదంటారు. నిజానికి జాగా ఉంటుంది, దాంట్లో బీరువాలుంటాయి. గోద్రెజ్ బీరువాల వరసే చాలా ఆఫీసుల్లో గోడ పని చేస్తుంది.

ఆ బీరువాల్లో సగం పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లే. అవి కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని, సరిచూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఇది హక్కుల సంగతే కాదు, ఆఫీసు అమరిక సంగతి కూడా. పది నిమిషాల కౌంటర్ దగ్గరే ఒక స్కానర్ పెట్టండి. పిల్ల ముందే స్కాన్ చేసి, సరిచూసి, ఒరిజినల్ ఆమె చేతికిచ్చేయండి. డిజీలాకర్‌లో ఉన్నవైతే అదీ అక్కర్లేదు. రెండేళ్లలో ఎన్ని బీరువాలు ఖాళీ అవుతాయో చూడండి. మాకు అరుగు పొడిగించుకునేంత చోటు అలాగే వచ్చింది.

మిగిలిన రికార్డులు, అంటే అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, మార్కుల రిజిస్టర్లు, వెనక గదిలో గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉంచాలి. చెదలు గోడ వెంటే వస్తాయి.

7. వెలుతురు, గాలి

దీని గురించి ఎక్కువ చెప్పను. కాగితం చదివే టేబుల్ మీద 300 లక్సుల వెలుతురు ఉండాలి. ఫోన్‌లోనే కొలిచే యాప్‌లున్నాయి, ఉజ్జాయింపుగా తెలుస్తుంది. కిటికీని గుమస్తా వీపు వెనక పెట్టకండి, ముఖం చీకటిగా కనిపించి మనిషి కోపంగా ఉన్నట్టు ఉంటాడు. ఎదురెదురు కిటికీలు, పైన వెంటిలేటర్లు, స్లాబు మీద తెల్లసున్నం.

ఏసీ గురించి గొడవ తప్పదు. ముందు హాలుకు వద్దనే అంటాను. ఏసీ పెట్టగానే తలుపు మూస్తారు, తలుపు మూయగానే అరుగు మీదున్నవాళ్లు మళ్లీ బయటివాళ్లయిపోతారు. కంప్యూటర్ సర్వర్ గదికి పెట్టుకోండి.

8. గోడ మీది మాటలు

ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ఆఫీసు చుట్టూ తిరిగి గోడల మీదున్న మాటలన్నీ రాసుకోండి. మా దగ్గర పదకొండు కాగితాల్లో ఎనిమిది 'కూడదు', 'లేదు', 'నిషేధం' అనే మాటలతోనే ముగిశాయి. 'ఇతరులకు ప్రవేశం లేదు' అన్నదైతే మూడుచోట్ల ఉంది. ఆ ఇతరులెవరో మాలో ఎవరికీ తెలియదు.

వాటి బదులు ఒకే పెద్ద బోర్డు పెట్టండి. ఏ పనికి ఏ కాగితాలు తేవాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎన్ని రోజులు పడుతుంది. ఆలస్యమైతే ఎవరికి చెప్పాలి. సమాచార హక్కు చట్టం, 2005 అడిగే అధికారి వివరాలు కూడా అందులోనే. ఈ రోజు సెలవులో ఉన్నదెవరో, వాళ్ల పని ఎవరు చూస్తారో సుద్దముక్కతో రాసే చోటు కింద వదలండి. "మేడమ్ రాలేదు, రేపు రా" అన్న మాట ఈ ఒక్క గడి వల్ల సగానికి తగ్గుతుంది.

భాష మీద శ్రద్ధ పెట్టండి. 'సంబంధిత విద్యార్థులు నిర్ణీత గడువులోగా పరీక్షా రుసుమును చెల్లించవలసినదిగా తెలియజేయడమైనది' అన్నదాన్ని 'పరీక్ష ఫీజు కట్టడానికి శుక్రవారం ఆఖరి రోజు' అని రాస్తే అక్షరాలూ పెద్దవిగా పడతాయి.

అటెండర్ విషయం ఇక్కడే చెప్పాలి. మన ఆఫీసుల్లో ఆయన ప్రిన్సిపాల్ గది ముందు స్టూలు మీద కూర్చుంటాడు, గంట కొడితే లేస్తాడు. ఆయన స్థానం ముఖద్వారం దగ్గర. స్టూలు కాదు, కుర్చీ, టేబుల్. వచ్చినవాళ్లు మొదట మాట్లాడేది ఆయనతోనే, ఎవరికి ఏ కాగితం కావాలో మా అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. ప్రిన్సిపాల్‌కు గంట బదులు ఫోన్ ఇచ్చాం. మొదట్లో చిన్నబుచ్చుకున్నారు గానీ అలవాటుపడ్డారు.

9. అయిదు దాటాక

ఆఫీసు అయిదింటికి మూసేస్తాం. పిల్లలు అక్కడే ఉంటారు. జ్వరం రాత్రి తొమ్మిదికొస్తుంది, ఇంటి నుంచి చెడ్డ కబురు రెండింటికొస్తుంది. అందుకే హాస్టల్ దారివైపు తిరిగిన గది ఒకటి ఆఫీసు భవనంలోనే ఉండాలి. బయటి నుంచి దానికి వేరే తలుపు ఉండాలి. కేర్‌టేకర్ టేబుల్, ఒక మంచం, ప్రథమ చికిత్స పెట్టె, గదుల మారు తాళాలు, పిల్లల ఇళ్ల ఫోన్ నంబర్ల రిజిస్టర్, వార్డెన్ నంబరు. 108 అందరికీ తెలుసు. అంబులెన్స్ ఏ గేటు నుంచి రావాలో, రాత్రి ఆ గేటు తాళం ఎవరి దగ్గరుందో రాసిపెట్టండి. కరెంటు పోయినా వెలిగేలా ఆ గది దీపాన్ని ఇన్వర్టర్‌కు కలపండి. హాస్టల్ కిటికీలోంచి చూస్తే ఆ దీపం కనిపించాలి.

10. ముగ్గుపిండితో మొదలు

ఇంత చెప్పి, వెంటనే గోడలు పగలగొట్టమనను. ఆదివారం నాడు ఆఫీసు ఖాళీ చేయించి, కౌంటర్లు, గది, అరుగు ఎక్కడెక్కడ రావాలో నేల మీద ముగ్గుపిండితో గీయండి. మెస్ నుంచి బల్లలు తెచ్చి ఆ గీతల మీద వేయండి. రెండు వారాలు అలాగే పనిచేయండి. చక్రాల కుర్చీ ఒకటి తెచ్చి తిప్పి చూడండి, మలుపు తిరగడానికి ఐదడుగుల ఖాళీ ఉందా అని. మేము గీసిన నిలబడే బల్ల తలుపుకు మరీ దగ్గరై, వరస వర్షంలోకి వెళ్లింది. పిండి కాబట్టి తుడిచి మళ్లీ గీశాం.

ప్రభుత్వ కాలేజీ అయితే ఎస్టిమేట్, టెక్నికల్ శాంక్షన్, టెండర్ అంటూ నెలలు పడుతుంది. ఈలోగా డబ్బు లేకుండా అయ్యేవి చేసేయండి. ఈ వరసలో చేయమంటాను. మరుగుదొడ్డి తాళం తీయడం, వరండాలో బెంచీలు, అటెండర్ కుర్చీ, బోర్డు భాష, తెర తిప్పడం. గురుకులాల్లో అద్దె భవనాల్లో నడిచేవీ ఉన్నాయి, వాటికి గోడలు కట్టే వీలుండదు గానీ ఈ ఐదింటికీ యజమాని అనుమతి అక్కర్లేదు.

అంతా అయ్యి ఆరు నెలలు గడిచాక మళ్లీ ఒక నోట్‌బుక్ కొని, మళ్లీ అదే మూల వారం రోజులు కూర్చోండి. ఇదే పనికి ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చారన్న గడిని పాత పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడండి. అది తగ్గకపోతే అమరికలో ఇంకా తేడా ఉంది.

తీసేసిన గ్రిల్ సంగతి చెప్పడం మరిచాను. అది స్టాక్ రిజిస్టర్‌లో ఉంటుంది కాబట్టి ఊరికే పారేయడానికి లేదు. పనికిరాని సామాను జాబితాలో చేర్చి, కమిటీ సంతకాలు పెట్టించేసరికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ అది మెస్ వెనక గోడకు ఆనించి ఉంది. సంతకాలు పూర్తయి తీయబోతే వంటమనిషి ఒప్పుకోలేదు. అప్పటికే దాని నిండా చిక్కుడు పాదు అల్లుకుని కాయలు దిగాయి.